మెర్ల్ బిగించిన ట్రిగ్గర్

వంతెన అవతలి వాళ్లు రావడం మానేశాక అర్డిత్ నూన్ తుపాకుల దుకాణంలో శనివారం కూడా మంగళవారంలాగే గడుస్తోంది. ఒకప్పుడు ఆమె బేరంలో సగం మిస్సిసిపీ తూర్పు ఒడ్డుదే. బాతుల వేట మొదలవుతుందంటే వాళ్ల బండ్లు వీధి చివరిదాకా బారులు తీరేవి. ఇప్పుడు పడమటి ఒడ్డున చాలా దుకాణాల తలుపుల మీద ఒకే బోర్డు కనబడుతుంది: తూర్పు రాష్ట్రం వారికి అమ్మము. నిజానికి అమ్మవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. భుజానికెత్తి కాల్చే పొడవు తుపాకిని పక్క రాష్ట్రం మనిషికి నిక్షేపంగా అమ్ముకోవచ్చు, రెండు రాష్ట్రాల చట్టాలకూ అది సరిపోవాలి, అంతే. ఆ సరిపోవడం ఏమిటో ఎవరికీ అంతుపట్టదు. పొరపాటు జరిగితే లైసెన్సు పోతుంది, జైలు కూడా పలకరించవచ్చు. బోర్డు పెడితే పోయేది బేరం ఒక్కటే. అందుకని అందరూ బోర్డు పెట్టి హాయిగా నిద్రపోతున్నారు.

అర్డిత్ మాత్రం పెట్టలేదు. అది ధైర్యం అనుకుంటే పొరపాటు. ఆమెకు ధైర్యం తక్కువ, భర్త మెర్ల్ పోయాక మరీ తక్కువ. బోర్డు పెడితే వెర్లిన్ గ్రోత్ మొహం ఎలా చూడాలన్నదే ఆమె బాధ. వెర్లిన్ తుపాకి ఐదేళ్లుగా ఆమె వెనక గదిలో ఉంది.

వెర్లిన్ తూర్పు ఒడ్డున మొక్కజొన్న పండించేవాడు. భార్య ఐలీన్ పోయిన చలికాలం అతను తిండి మానేశాడు, మాట మానేశాడు. తన ఆలోచనలంటే తనకే భయం వేసిన రోజున బండి తీసుకుని ఎవరూ చెప్పకుండానే మానసిక ఆసుపత్రికి వెళ్లి, నన్ను చేర్చుకోండి అన్నాడు. వాళ్లు బాగానే చూశారు. మనిషి నిలబడ్డాడు. కానీ అక్కడ చేరినందుకు తుపాకి ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం ఇచ్చే కార్డును రద్దు చేసింది. ఇంట్లో ఉన్న తుపాకిని వేరెవరికైనా అప్పగించమంది. ఊళ్లోవాళ్లు పశువుల కొట్టంలో దాచెయ్యమన్నారు, ఎవడొచ్చి చూస్తాడన్నారు. వెర్లిన్ వినలేదు. తుపాకిని పెట్టెలో పెట్టుకుని వంతెన దాటి వచ్చి అర్డిత్ పేరు మీద రాయించి వెళ్లాడు. "నాకది ఇంట్లో లేకపోవడమే మంచిది ఇప్పుడు. తర్వాత చూద్దాం," అన్నాడు.

ఆ తర్వాత అనేది ఏప్రిల్‌లో వచ్చింది. తలుపు గంట మోగింది, వెర్లిన్ లోపలికి వచ్చి కొత్త కార్డు గల్లా బల్ల మీద పెట్టాడు.

"చూడు. మళ్లీ మనిషినని ఒప్పుకున్నారు."

అర్డిత్ కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఈ ఫొటో చూసి కూడా ఇచ్చారంటే వాళ్లెంత మంచోళ్లో!"

"నీ నోటికి ఐదేళ్లలో తుప్పు పట్టలేదే."

"వాడకంలో ఉన్న వస్తువుకి తుప్పెందుకు పడుతుంది? కూర్చో ముసలోడా, కాఫీ పోస్తా."

అతను కూర్చోలేదు. వెనక గది తలుపు వైపే చూస్తున్నాడు. "వచ్చే నెలలో మా ఒడ్డున క్లబ్బు పోటీ ఉంది. మన జట్టులో మూడో చోటు ఇంకా ఖాళీగానే పెట్టారంట కదా?"

"నేనే పెట్టించా. ఎవడైనా అడిగితే కరిచేదాన్ని."

"చర్చిలో కాఫీ అందిస్తూ కూడా నా చేతులు వణుకుతున్నాయా అని చూస్తున్నారు అర్డిత్. ఆ కాల్పుల గీత మీద ఒక్కసారి నిలబడి మట్టిపిట్టల్ని పగలగొట్టానంటే ఇక చూడరు. నాకింకేం వద్దు."

ఆ మాట అతను నవ్వుతూనే అన్నాడు. అర్డిత్ వెనక గదిలోకి వెళ్లింది. తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టింది. భుజానికి ఆనే అక్రోటు కర్ర పిడి, దాని మీద చెంప ఆనించే చోటుకి కాస్త కింద ఒక ఎర్ర చీటీ. మెర్ల్ అంటించిన చీటీ.

గాల్లోకి విసిరిన మట్టిపళ్లేలను కాల్చే మట్టిపిట్టల ఆట తెలిసినవాళ్లకు ఆ చీటీ సంగతి చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి కాల్చిన భుజం ఒకరోజు ఎదురు తిరుగుతుంది. మట్టిపళ్లెం గాల్లోకి లేస్తుంది, కంటికి ఆనుతుంది, వేలు మాత్రం కొయ్యబారిపోతుంది. ఒళ్లంతా ఉలిక్కిపడి గొట్టం నేలవైపు ఊగుతుంది. ఆ ఉలికిపాటు వచ్చిందంటే మనిషి ఆట అయిపోయినట్టే. దానికున్న మందు ఒక్కటే, తిరగేసిన ట్రిగ్గర్. మామూలు ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. ఇది నొక్కితే ఊరుకుంటుంది, వదిలితే పేలుతుంది. తుపాకి భుజానికెత్తి, ముందే నొక్కిపట్టి, అప్పుడు 'పుల్' అని కేక వేస్తారు. పిట్ట ఎగరగానే వేలు వదులుతారు. బిగుసుకునే వేలు వదలడానికి మాత్రం మొరాయించదు. తెలియనివాడు చేతిలోకి తీసుకుంటే ప్రమాదం కాబట్టి అలాంటి తుపాకికి ఎర్ర చీటీ ఉండాలని క్లబ్బుల కట్టుబాటు. వెర్లిన్‌కు ఉలికిపాటు వచ్చిన ఏడాది మెర్ల్ తన చేత్తో ఈ ట్రిగ్గర్ బిగించి, చీటీ అంటించి, "ఇదిగో నీ కొత్త వేలు," అన్నాడు. ఆ వేలుతోనే వెర్లిన్ పదిహేనేళ్లు కాల్చాడు.

"కార్డు ఇలా ఇవ్వు. మీ రాష్ట్రం లెక్క ప్రకారం కొన్ని రోజులు ఆగాలి. ఆగి తీసుకుపో," అంది అర్డిత్.

ఆ రాత్రి ఆమె తూర్పు రాష్ట్రం కొత్త చట్టం చదవడం మొదలుపెట్టింది. చదవకుండా ఉంటే బాగుండేది.

రెండేళ్ల కిందట అవతలి ఒడ్డున కౌంటీ ఫెయిర్ అనే జాతరలో ఒకడు కాల్పులు జరిపాడు. చచ్చిపోయినవాళ్లలో ఐస్‌క్రీమ్ వరుసలో నిలబడ్డ పిల్లలున్నారు. వాడి రైఫిలుకు నొక్కితే ఒకటి, వదిలితే ఒకటి పేలే ట్రిగ్గర్ ఉంది. ఆ దుఃఖంలో, ఆ కోపంలో చట్టం చేశారు, చేయాల్సిందే. అర్డిత్ కూడా ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. కానీ రాసినవాళ్లు, వదిలినప్పుడు గుండు పేలే ఏ ట్రిగ్గర్ అయినా అని రాసి ఊరుకున్నారు. ఒక్కో తూటా చేత్తో నింపుకుని మట్టిపళ్లేలు పగలగొట్టే ముసలివాళ్లున్నారని వాళ్లకు ఎవరు చెబుతారు? అప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. కొత్తగా కొనడం, అమ్మడం, బిగించడం మాత్రం నేరం. చట్టం వచ్చిన రోజున వెర్లిన్ తుపాకి వెర్లిన్ చేతిలో లేదు. చెప్పిన మాట విని అప్పగించాడు కదా, ఇప్పుడు తిరిగిచ్చినా అది కొత్త అమ్మకం కిందే లెక్క. కొట్టంలో దాచుకుని ఉంటే ఇవాళ మినహాయింపులో ఉండేవాడు.

మర్నాడు తూర్పు రాష్ట్రం పోలీసు కార్యాలయానికి ఫోన్ చేసింది. అటువైపు అమ్మాయి గొంతు మర్యాదగా ఉంది. "చట్టం ఏం చెబుతుందో మీరే చదువుకోవాలండి. మేం సలహా ఇవ్వకూడదు."

"చదివానమ్మా. మట్టిపిట్టల ఆట తుపాకికి ఇది వర్తిస్తుందా లేదా?"

"వర్తిస్తుందనీ చెప్పలేను, వర్తించదనీ చెప్పలేనండి."

"మరి ఎవరు చెబుతారు?"

"కోర్టు చెబుతుందండి."

ఊళ్లో వకీలు ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. నీకు లైసెన్సు కావాలా, స్నేహితుడు కావాలా అన్నాడు. ఆ మాట అన్నందుకు బిల్లు కూడా పంపాడు.

వెర్లిన్ వచ్చినప్పుడు అర్డిత్ నేల చూపులు చూస్తూ చెప్పింది.

"ఆ చీటీ పీకి ఇలాగే ఇచ్చెయ్యొచ్చుగా," అన్నాడు అతను. వెంటనే తనే చెయ్యి ఊపాడు. "వద్దులే, వద్దు. నువ్వు ఇరుక్కుంటావు. దొంగతనంగా తెచ్చుకోవాలంటే ఆ రోజే దాచుకునేవాణ్ణి."

"ఈ ఒడ్డునే కాల్చుకుందామంటే ఇక్కడి క్లబ్బు మైదానం అమ్మేశారు. అక్కడిప్పుడు గిడ్డంగి."

"తెలుసు. వేరేవాళ్ల తుపాకి అడుక్కోమంటావా?"

అది కుదరదని ఇద్దరికీ తెలుసు. చెంపకీ భుజానికీ కొలిచి చెక్కిన వస్తువది. ఇంకొకరిది పట్టుకోవడమంటే ఇంకొకరి కళ్లజోడుతో పేపరు చదవడమే.

"మామూలు ట్రిగ్గర్ పెట్టి ఇస్తా," అంది అర్డిత్. "అది అమ్మితే ఎవడూ నోరెత్తలేడు."

"నా ఉలికిపాటో?"

"ఐదేళ్లు ఖాళీగా ఉన్నావు. పోయుండొచ్చు. కొంతమందికి పోతుందంట."

పోతుందని ఆమె ఎక్కడా వినలేదు. అతని మొహం చూడలేక అప్పటికప్పుడు పుట్టించిన మాట అది. వెర్లిన్ నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

ఆ సాయంత్రం ఆమె మెర్ల్ బల్ల ముందు కూర్చుని తుపాకి విప్పింది. మెర్ల్ పని ఎలాంటిదో లోపల చూస్తేనే తెలుస్తుంది. ఆకురాయి గీత ఒక్కటి కూడా పక్కకు పోలేదు. ఒక్కో ముక్క బయటికి తీస్తుంటే మొగుణ్ణి రెండోసారి సాగనంపుతున్నట్టుంది. మామూలు ట్రిగ్గర్ బిగించింది. తర్వాత చీటీ కింద గోరు పెట్టి పీకింది. దాని కింద కర్ర కొత్తదానిలా లేత రంగులో ఉంది. చీటీ లేనప్పుడు అది తిరగేసిన తుపాకి కాదని అందరికీ తెలియాలి, పద్ధతి ప్రకారం పీకాల్సిందే. అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది, అదే ఇప్పటికీ ఆమెను తినేస్తున్నది.

గడువు తీరాక వెర్లిన్ వచ్చాడు. కొనేవాడి చరిత్ర అడిగే తనిఖీ ఫోన్ అయింది, సంతకాలయ్యాయి. తుపాకి అందించే ముందు అర్డిత్ అలవాటుగా తలెత్తి గల్లా పైన ఉన్న కెమెరా వైపు చూసింది. బీమా కంపెనీ పెట్టించిన కెమెరా అది. ఏ వస్తువు చేతులు మారినా ముందు దాన్ని చూడడం ఆమెకు ముక్కు మీద కళ్లజోడు సర్దుకోవడంలాంటిది.

"దేవుడికి దణ్ణమా?" అన్నాడు వెర్లిన్.

"లైసెన్సుకి."

ఖాళీ తూటాలు పెట్టి అక్కడే ఆడించి చూశాడు. నొక్కాడు, టిక్కుమంది. మళ్లీ నొక్కాడు, టిక్కుమంది. "నొక్కితే పేలేది, నొక్కితే పేలేది," అని కొత్తగా బళ్లో చేరినవాడిలా వల్లించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పోటీ తూర్పు ఒడ్డు క్లబ్బులో. ఆ రోజు నదిమీద గాలి లేదు. క్లబ్బు షెడ్డులో పంది మాంసం సాండ్‌విచ్‌ల వాసన. ఐదుగురి జట్టు గీత మీద నిలబడింది. మూడో చోట వెర్లిన్, అతని పక్కన నాలుగో చోట అర్డిత్. ఎదురుగా నేలలో సగం దిగిన గుడిసె, అందులోంచి పిట్టలు ఎగురుతాయి. వెనక కుర్చీలో డ్వేన్ ప్రస్ కూర్చున్నాడు, క్లబ్బు భద్రత చూసేది అతనే. అతని ఒళ్లో తుపాకికి ఎర్ర చీటీ ఉంది. జట్టులో మరో ఇద్దరి తుపాకులకూ ఉంది. వాళ్లంతా మినహాయింపు మహానుభావులు.

"ఏం వెర్లిన్, బావున్నావా?" అన్నాడు డ్వేన్, గొంతులో కాస్త ఎక్కువ తియ్యదనం పోసి.

"బావున్నాను కాబట్టే వచ్చా డ్వేన్."

మొదటి ఇద్దరూ కాల్చారు. వెర్లిన్ తుపాకి ఎత్తాడు, చెంప ఆనించాడు. బొటనవేలు ఆ లేత మచ్చ మీదికి వెళ్లింది. 'పుల్' అనలేదు, పిట్ట ఎగరలేదు. తుపాకి ఢామ్మని పేలింది. గుడిసె ముందు మట్టి లేచింది.

ఏం జరిగిందో అర్డిత్‌కు ఆ క్షణంలోనే తెలిసింది. పదిహేనేళ్ల అలవాటు. కేక వేసే ముందు నొక్కిపట్టాడు. ఆ వేలికి నొక్కడమంటే సిద్ధం కావడం. ఐదేళ్లు తుపాకి ముట్టకపోయినా వేలు మరిచిపోలేదు. దుకాణంలో కేక లేదు, పిట్ట లేదు, అందుకే అక్కడ బయటపడలేదు.

"ఒకటి," అన్నాడు డ్వేన్. "ఇంకోసారి ఇలా అయితే దిగిపోవాలి వెర్లిన్. అందరికీ ఉన్న రూలే."

"తెలుసు. పాత వేలు పాత పని చేసింది," అన్నాడు వెర్లిన్. ఒకరిద్దరు నవ్వారు.

రెండో వంతుకు వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి పెట్టి కేక వేశాడు. పిట్ట లేచింది, అతని భుజం ఉలిక్కిపడింది, గుండు ఎటో పోయింది. మూడో వంతుకు ఏమైందో ఏమో, దేవుడు కరుణించినట్టు అంతా కుదిరింది. పిట్ట గాల్లోనే నల్లటి పొడి అయిపోయింది. షెడ్డులోంచి ఎవరో "వెర్లిన్ వచ్చేశాడ్రోయ్!" అని అరిచారు. ఈలలు వేశారు. వెర్లిన్ పక్కకు తిరిగి అర్డిత్‌ను చూశాడు. ఐలీన్ పోయాక ఆ మొహంలో అలాంటి నవ్వు ఆమె చూడలేదు.

ఆ సంతోషమే కొంప ముంచింది. జాగ్రత్త పడినంతసేపు వేలు మాట విన్నది. సంతోషంలో మనిషి పాత మనిషైపోయాడు, వేలూ పాతదైపోయింది. నాలుగో వంతుకు హాయిగా తుపాకి ఎత్తాడు, హాయిగా నొక్కిపట్టాడు. ఢామ్మంది.

డ్వేన్ లేచి నిలబడ్డాడు. "తుపాకి తెరిచి పట్టుకుని వెనక్కి వచ్చెయ్ వెర్లిన్."

వెర్లిన్ తెరిచి పట్టుకుని నడిచాడు. షెడ్డు దగ్గర ఒక గొంతు, నెమ్మదిగా అనుకుంటూనే అందరికీ వినబడేలా అంది: "ఆసుపత్రిలో పెట్టింది ఈయన్నేగా? మళ్లీ ఎలా ఇచ్చారు కార్డు?"

అర్డిత్ తన తుపాకి ఖాళీ చేసి వెనక్కి పరిగెత్తింది. "ఆయనకేం కాలేదు! ట్రిగ్గర్ మార్చింది నేను! మీ అందరివీ ఎర్ర చీటీలతో ఉన్నాయి, ఆయనదొక్కటే పీకేశాను!"

"నువ్వెందుకు పీకావు?" అన్నాడు డ్వేన్.

"మీ చట్టం కోసం!"

"మా చట్టం మారిస్తేనే అమ్మమని నీకు చెప్పిందా? ఎవరైనా నీతో ఆ మాటన్నారా?"

ఎవరూ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం వల్లే అంతా జరిగింది.

వెర్లిన్ ఆమె భుజం తట్టాడు. "పోనీలే. నా వంతు సాండ్‌విచ్ నువ్వు తిను," అని బండెక్కి వెళ్లిపోయాడు.

పోలీసులకు ఎవరు ఫోన్ చేశారో తెలియదు. భద్రత కోసమే చేసి ఉంటారు, అన్నీ భద్రత కోసమే కదా. వారం తిరగకుండా వెర్లిన్ కార్డును మళ్లీ నిలిపివేశారు. విచారణ తేలేవరకు తుపాకిని వేరేవాళ్లకు అప్పగించమన్నారు. ఎన్నాళ్లకు తేలుతుందని అడిగితే చెప్పలేమన్నారు.

అతను తుపాకి పెట్టె పట్టుకుని వంతెన దాటి వచ్చాడు. అర్డిత్ పేరు మీద రాయించాడు. కాఫీ వద్దన్నాడు.

"ఇప్పుడిది నీది కదా," అన్నాడు. "ఈ ఒడ్డున ఆ ట్రిగ్గర్ తప్పు కాదు కదా?"

"కాదు."

"అయితే మెర్ల్ పెట్టినదే పెట్టెయ్. వాడు పెట్టినట్టే ఉండనీ."

అతను స్టూలు మీద కూర్చుని చూస్తుండగా ఆమె బల్ల మీద తుపాకి విప్పి మెర్ల్ ట్రిగ్గర్ బిగించింది. చివర్లో కొత్త ఎర్ర చీటీ ఒకటి తీసి ఆ లేత మచ్చ మీద సరిగ్గా అంటించింది.

తలుపు గంట మోగింది. ఈ ఒడ్డు కుర్రాడే, ట్రక్కు మెకానిక్కు. గల్లా పక్కన కొక్కేలకు వేలాడుతున్న పొట్లాలు వేలితో తిప్పి ఒకటి లాగాడు. రైఫిలుకు పెట్టుకునే ట్రిగ్గర్, నొక్కితే ఒకటి, వదిలితే ఒకటి. ఫెయిర్ మైదానంలో పేలిన రకమే.

"దీనికి కార్డూ గీర్డూ ఏమైనా కావాలా అర్డిత్ గారూ?"

"ఇక్కడ అక్కర్లేదు," అంది అర్డిత్.

డబ్బుకు చెయ్యి చాచడానికి ఆమె కొంచెం తటపటాయించింది. వెర్లిన్ అది గమనించాడు. "ఇచ్చెయ్ తల్లీ. వాడు మీ ఒడ్డువాడు. బేరం పోగొట్టుకుంటావా?" అన్నాడు. అతని గొంతులో ఎప్పుడూ లేని విషం ఉంది. కుర్రాడికి అర్థం కాలేదు. పొట్లం జేబులో వేసుకుని, థాంక్స్ చెప్పి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

దుకాణంలో మళ్లీ ఇద్దరే మిగిలారు. తుపాకి బల్ల మీద ఉంది, ఎర్ర చీటీ పైకి కనబడుతోంది.

"అర్డిత్," అన్నాడు వెర్లిన్. ఆ విషమంతా పోయి గొంతు మళ్లీ మామూలైంది. "తూటా వద్దు, ఏం వద్దు. ఒక్కసారి భుజానికి ఆనించి వదిలి చూస్తా. మెర్ల్ చెయ్యి ఎలా ఉండేదో మర్చిపోయేలా ఉన్నా."

ఆమె ఇద్దామనే అనుకుంది. చేతులు తుపాకి కిందికి వెళ్లాయి కూడా. కార్డు నిలిపేసిన మనిషికి ఈ ఒడ్డున, ఖాళీ తుపాకి, ఒక్క నిమిషం ఇవ్వడం తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. ఎవరినడిగినా చెప్పరనీ తెలుసు. అదే క్షణంలో ఆమె తల దానంతట అదే పైకి లేచింది, కళ్లు కెమెరా మీదికి వెళ్లాయి.

వెంటనే దించుకుంది. కానీ అతను చూసేశాడు.

వెర్లిన్ చాచిన చేతులు వెనక్కి తీసుకుని కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. "సరేలే," అన్నాడు. తలుపు తెరిచి బయటికి వెళ్లాడు, గంట మోగింది. అర్డిత్ తుపాకిని రెండు చేతులతో అలాగే పట్టుకుని, బండి వంతెన ఎక్కేవరకు కిటికీలోంచి చూస్తూ నిలబడింది.